అలాస్కా క్రూజ్‌కి ముందు సియాటెల్‌లో కొండలెక్కుతారా? ముందు ఇవి చూసుకోండి

వేసవి వచ్చిందంటే మన ఊళ్ల నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు దిగుతారు. వాళ్లని అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది, ఎలాగూ సియాటెల్ దాకా వెళ్తున్నాం కదా, రెండ్రోజులు ముందే వెళ్లి దగ్గర్లోని మౌంట్ రెయినియర్ అనే మంచుకొండ కూడా చూసేద్దాం అనుకుంటారు. మంచి ఆలోచనే. కాకపోతే చాలామంది ప్లాన్ ఇలా ఉంటుంది: మొదటి రోజు ఊళ్లో షికారు, రెండో రోజు రెయినియర్, షిప్ ఎక్కే రోజు పొద్దున్నే ఇంకో చిన్న ట్రెయిల్ (కొండదారి నడక). దీన్ని తిరగెయ్యండి. పెద్ద నడక ముందు పెట్టుకోండి, ఊరు తర్వాత. షిప్ ఎక్కే రోజు ఏ కొండా వద్దు. ఒకవేళ పెద్దవాళ్లు ఇండియా నుంచి నేరుగా సియాటెల్‌లోనే దిగుతుంటే మధ్యలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి, పన్నెండున్నర గంటల తేడాతో వచ్చిన మనిషికి మన పగలు నడిరాత్రి.

షిప్ సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుందంటే నాలుగింటికి వెళ్లమని కాదు, ఎక్కే గడువు చాలా ముందే అయిపోతుంది. "మిస్సయితే ఏముంది, ఫ్లైట్‌లో అలాస్కాలోని జూనో వెళ్లి అక్కడ ఎక్కేస్తాం" అనేవాళ్లు ఉంటారు. అది మామూలుగా కుదరదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దాని ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ (ఈ క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ అలాంటివే) ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న వాళ్లని ఇంకో అమెరికా రేవులో దించాలంటే, మధ్యలో ఎక్కడో దూరదేశపు రేవుకి వెళ్లి రావాలి. కెనడా ఆ లెక్కలోకి రాదు. జూనోలో ఎక్కి సియాటెల్‌లో దిగితే సరిగ్గా ఈ చట్టానికే విరుద్ధం, అందుకే కంపెనీ వాళ్లు ఎక్కనివ్వరు.

ఎక్కిన రేవులోనే దిగితే మాత్రం దగ్గరి విదేశీ రేవైనా చాలు, అందుకే సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగే షిప్పులు ఈ చట్టం కోసం మధ్యలో విక్టోరియా లాంటి కెనడా రేవులో ఆగుతాయి. ఆగేది ఒక్క సాయంత్రమే అయినా ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి, "మేం దిగం, షిప్‌లోనే కూర్చుంటాం" అంటే చెక్-ఇన్‌లో వినరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉంటే చాలు. పెద్దవాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూడండి. మీ పాస్‌పోర్టులో హెచ్‌-1బి (ఉద్యోగ వీసా) స్టాంపు గడువు తీరిపోయి ఉంటే టికెట్ కొనకముందే లాయర్‌ని అడగండి.

ఇన్ని కాగితాల మీద ఆధారపడిన ప్రయాణం కదా, మరి ఆ పాస్‌పోర్టులు కొండెక్కేటప్పుడు ఎక్కడుంటాయి? హోటల్ ఖాళీ చేసి, సూట్‌కేసులన్నీ అద్దె కారులో పెట్టి, ట్రెయిల్ మొదట్లో పార్క్ చేసి, మూడు గంటలు నడిచి వస్తారు. దొంగలకి అంతకంటే ఏం కావాలి! ఈ చుట్టుపక్కల ట్రెయిళ్ల దగ్గర అద్దాలు పగలగొట్టడం కొత్త కాదు. సూట్‌కేసులు హోటల్లో వదలండి. పాస్‌పోర్టులు జిప్‌లాక్ కవర్లో పెట్టి వీపు బ్యాగులో వేసుకోండి. బీపీ, షుగర్ మాత్రలు కూడా అందులోనే.

ఇక రెయినియర్. ప్యారడైజ్ అనే చోటు 5,400 అడుగుల ఎత్తులో ఉంటుంది, సియాటెల్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. జూన్‌లో వెళ్తే అక్కడ పూలుంటాయని ఫొటోలు చూసి అనుకుంటారు, ఉండేది మంచు. జులైలో కూడా చాలాచోట్ల కరగదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ కింద వాగు పారుతుంటే ఆ పొర పల్చబడిపోయి ఉంటుంది, కాలు మోకాలి దాకా దిగబడుతుంది. అడుగు కింద నీళ్ల చప్పుడు వినిపించిందా, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. స్పోర్ట్స్ షూతో ఆ మంచు వాలు మీదకి వెళ్లొద్దు, బూట్లకి తగిలించే ముళ్లపట్టీలు దొరుకుతాయి, తీసుకోండి.

"అలిపిరి మెట్లెక్కినవాళ్లం, ఇదెంత" అనే నాన్నగారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అక్కడి స్కైలైన్ ట్రెయిల్ ఐదున్నర మైళ్లు, ఇంచుమించు అలిపిరి దారంతే. కానీ అలిపిరిలో పైన కప్పు ఉంది, పక్కన కొట్లున్నాయి, దిగడానికి బస్సుంది. ఇక్కడ 1,700 అడుగులు ఎక్కినవాళ్లు అంతా మోకాళ్ల మీద దిగాలి. పెద్దవాళ్లకి మర్టిల్ ఫాల్స్ అనే జలపాతం దాకా చాలు, దారి తారు వేసినదే. పార్కులో పెట్రోల్ బంకు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా దాదాపు ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

అంత దూరం వద్దనుకుంటే రాటిల్‌స్నేక్ లెడ్జ్ అనే ట్రెయిల్ ఉంది. రానూపోనూ నాలుగు మైళ్లు, 1,160 అడుగుల ఎత్తు, పిల్లలు కూడా ఎక్కేస్తారు. అందుకే భయం. పైన రాయి అంచుకి కంచె ఉండదు, ఇసుకలాంటి సన్న రాళ్లు కాలి కింద జారతాయి, అక్కడి నుంచి పడి చనిపోయినవాళ్లున్నారు. పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వెయ్యొద్దు, అంతే. నన్నడిగితే పెద్దవాళ్లతో ఒక్కరోజే ఉంటే 268 అడుగుల స్నోక్వాల్మీ జలపాతం చూసి, కాసేపు కూర్చుని వచ్చేస్తే హాయి.

పులిహోర, చపాతీలు ట్రెయిల్ మీదే ఖాళీ చేయండి, ఇంట్లో వండింది మామూలుగా షిప్‌లోకి రానివ్వరు. ఎలుగుబంట్లని తరిమే స్ప్రే కూడా అంతే, బుల్లి కుక్కర్, కెటిల్ కూడా అంతే. ఇండియాలో కొన్న ఇన్సూరెన్స్ కెనడాలో, షిప్‌లో పనిచేస్తుందా అని ఫోన్ చేసి కనుక్కోండి.

షిప్ ఎక్కే చోటు కూడా ఒకటి కాదు. పియర్ 66 డౌన్‌టౌన్‌లో ఉంది, పియర్ 91 దానికి కొన్ని మైళ్ల ఉత్తరాన. ట్యాక్సీ ఎక్కి ఊరికే "క్రూజ్ టెర్మినల్" అనకుండా నంబర్ చెప్పండి.