ఊరు మారితే మీ బొమ్మ కూడా మారాలంటే

పోయినేడు అలంపూర్, సోమశిల, కోయిల్‌సాగర్ మూడూ రెండు రోజుల్లో చుట్టేసి నల్గొండకు వచ్చి చూసుకుంటే ఫోన్ నిండా ఫొటోలే. స్కెచ్‌బుక్‌లో ఉన్నది ఒక్క బొమ్మ, అదీ బస్సు కోసం ఎదురుచూస్తూ వేసింది. మీకూ ఇలాగే అవుతుంటే ఈసారి ఇలా చేసి చూడండి.

బయల్దేరే ముందు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్ తెరవండి, ఫ్రీనే. అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ వేసిన 'స్నాప్ ది విప్' (1872), 'ఇన్‌సైడ్ ది బార్' (1883) పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో పిల్లలు చేతులు పట్టుకుని గడ్డిలో ఉరుకుతుంటారు, హాయిగా ఉంటుంది. రెండోదాంట్లో గాలికి ఏప్రన్ ఉబ్బిపోతున్నా జంకని బెస్త ఆడమనిషి, వెనక సముద్రం. ఈ రెంటికీ నడుమ, 1881, 82ల్లో, ఆయన ఇంగ్లండ్‌లోని కల్లర్‌కోట్స్ అనే చేపలు పట్టే ఊళ్లో ఏడాదిన్నర పైనే ఉన్నాడు. ఒక్క ఊళ్లో!

మనకు అంత సెలవు ఎవరిస్తారు? అందుకే మూడు ఊళ్లు వద్దు, ఒకటే పెట్టుకోండి, లేదా వరసగా నాలుగు ఆదివారాలు అదే చోటికి పోండి.

అక్కడికి పోయాక ఏం వేయాలన్నది విస్లర్ అనే ఇంకో అమెరికా చిత్రకారుణ్ణి చూసి నేర్చుకోవచ్చు. 1879లో దివాలా తీసి, పన్నెండు ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) చేసిస్తానని మూడు నెలలకు వెనిస్ పోయినవాడు పద్నాలుగు నెలలు ఉండిపోయి, యాభై దాకా ఎచింగ్‌లు, వంద దాకా పాస్టెల్ (రంగు సుద్ద) బొమ్మలు తెచ్చాడు. పేరున్న కట్టడాల కన్నా సందులు, పాత గుమ్మాలు, పూసలు గుచ్చే ఆడవాళ్ల మీదే ఆయనకు మోజు. అందుకని పోచంపల్లి పోతే షోరూమ్ చీరలు వదిలేసి, ఆసు పోసే, అంటే నేతకు ముందు దారాన్ని చట్రం మీది మేకులకు చుట్టే, చేతుల దగ్గర కూర్చోండి. ముందు అడిగి కూర్చోండి సుమా. నేను అడక్కుండా మొదలుపెడితే ఒక పెద్దమ్మ "ఏం గీస్తున్నవ్ బిడ్డా, నన్నేనా?" అని కొంగు సర్దుకుంది, ఇక ఆ బొమ్మ అక్కడికే ఆగింది.

కాగితం సంగతి. విస్లర్ గోధుమరంగు కాగితం మీద నల్ల సుద్దతో సన్నగా గీతలు గీసి, రంగు అక్కడక్కడే తాకించేవాడు. మనకు పిల్లల నోటుబుక్కులకు అట్టలేసే బ్రౌన్ షీట్ చాలు, నున్నటి వైపు కాకుండా గరుకు వైపు వాడండి. మట్టిగోడ, ఎండ పడ్డ నేల ఆ కాగితమే ఇచ్చేస్తుంది, వాటికి రంగు వేయకండి. ఆసు మీది దారానికి కాస్త తెలుపు, గాజులకు కాస్త ఆకుపచ్చ, అంతే. నేను మొదట్లో షీటంతా నింపేసి పాడుచేసుకున్నాను, ఆ తర్వాత మూడు పాస్టెల్ ముక్కలే జేబులో వేసుకుని పోతున్నా.

ఇంకొకాయన, బోస్టన్‌లో పుట్టిన ఎడ్విన్ లార్డ్ వీక్స్, 1880ల్లో మన దేశానికే వచ్చాడు. తెల్ల గోడ మీద ఎండ ఎలా పడుతుందో ఆయన బొమ్మల్లో చూసి తీరాలి. మనుషులు మాత్రం నాకు అలంకారానికి నిలబెట్టినట్టు ఉంటారు.

ఇంటికొచ్చిన వారంలోపే మీ సొంత గల్లీని అదే షీటు మీద వేయండి. హోమర్ కూడా తిరిగొచ్చాక, 1883లో, అమెరికాలోనే ప్రౌట్స్ నెక్ అనే సముద్రపు ఒడ్డున ఇల్లు చేసుకుని ఎక్కువగా అక్కడి అలలే వేస్తూ ఉండిపోయాడు. నేనైతే మా మేడ మీది నీళ్ల ట్యాంకుతో మొదలుపెట్టాను.