నలభై పాయింట్లు ముందున్నప్పుడు

టెక్సాస్ చిన్న బడుల సిక్స్‌మ్యాన్ ఫుట్‌బాల్‌లో (జట్టుకు ఆరుగురు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) సగం ఆట అయ్యేసరికి, లేదా ఆ తర్వాత ఎప్పుడైనా, 45 పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో ఆపేస్తారు. అందుకే కోచ్‌గా మీ జట్టు బాగా ముందుంటే, ఆట ఆగిపోకముందే, రెండో క్వార్టర్‌లోనే బెంచి మీది పిల్లలను దించండి. దూరపు పాస్‌లు మానేసి బంతితో పరుగెత్తించండి. బంతి మళ్లీ మనకే దక్కేలా దగ్గరగా తన్నే ఆన్‌సైడ్ కిక్ జోలికి పోవద్దు.

దిగిన పిల్లవాడిని మాత్రం మెల్లగా ఆడమనకండి. తొమ్మిదో తరగతి చదివే మా జట్టు కుర్రాడు ప్లేఆఫ్‌లో (ఓడితే ఇంటికే అనే పోటీలో) మొదటిసారి దిగి, దాటితే పాయింట్లొచ్చే టచ్‌డౌన్ గీత ముందు తటపటాయించి నా వైపు చూశాడు. వెళ్లమని చెయ్యూపాను. జాలిపడి ఆగడం ఎదుటివాళ్లకు ఇంకా అవమానం.

ఓడిన జట్టులోని పన్నెండో తరగతి పిల్లలకు బహుశా అదే ఆఖరి ఆట. హెల్మెట్ తీసి, స్కోరు ఊసెత్తకుండా చేయి కలపమనండి. ఈలలు, కేకలు బస్సెక్కాకే.