ఇంట్లో బోన్సాయ్‌కి పురుగు పట్టిందా? లక్షణం చూసి మందు వేయండి

బోన్సాయ్‌కి పురుగు పట్టిందని నెల్లూరులో ఎవరికైనా చెప్పి చూడండి. "ఏందబ్బా, జానెడు చెట్టుకి ఇంత టెన్షనా? నిమ్మతోటకి తెచ్చిన మందు మిగిలుంది, మూతెడు కలిపి కొట్టు" అనే బంధువు ఒకరు తగులుతారు. పొదలకూరు, గూడూరు వైపు తోటలున్న ఇళ్లలో పురుగుమందు డబ్బా దొరకడం కష్టమేమీ కాదు. కానీ అది ఆరుబయట, ఎకరాల లెక్కన కొట్టే మందు. పిల్లలు పడుకునే హాల్లో, దోసెడు మట్టిలో బతికే చెట్టుకి పనికిరాదు. పైగా ఏ పురుగో తెలియకుండా కొడితే మందూ దండగే, శ్రమా దండగే. తెల్ల కాగితం ఒకటి, భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకుని చెట్టుని వెలుతురులోకి తీసుకురండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసినా సరిపోతుంది.

తెల్లగా ఏదో కనిపిస్తోంది

తెల్లగా ఉన్నదంతా పురుగు కాదు. బోన్సాయ్‌గా ఎక్కువ అమ్మే ఫైకస్ మైక్రోకార్పా ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలుంటాయి. తుడిస్తే పోవు, గోకితే రావు, కదలవు. అవి ఆకులో పుట్టుకతో ఉండేవే, వదిలేయండి. రెండోది మన బోరునీళ్ల ఉప్పు. కుండీ అంచున, మొదలు చుట్టూ, నీళ్లు చిలకరించిన ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. గోరుతో గీస్తే గరుగ్గా పొడి రాలుతుంది. వాననీళ్లో ఆర్వో ఫిల్టర్ నీళ్లో పోస్తే కొత్తగా పేరుకోదు.

దూదిలా మెత్తగా ఉండి, నలిపితే వేళ్లకి జిగురు అంటిందా? అది పిండినల్లి. ఇంట్లో బోన్సాయ్‌ని ఎక్కువగా వేధించేది ఇదే. కొమ్మ చీలే చోట, ఆకు తొడిమ మొదట్లో, బెరడు పగుళ్లలో దాక్కుంటుంది. అన్నిటికన్నా దానికి ఇష్టమైన చోటు, కొమ్మ వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగ కింద. తీగ విప్పకుండా ఎన్నిసార్లు మందు కొట్టినా మళ్లీ వస్తుంది. ఆ దూది మూటలో వందల గుడ్లుంటాయి.

తీగ విప్పండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి, ఒక్కో మూటనీ అద్ది తీసేయండి. తెల్లటి మైనం కరిగి, లోపలి గులాబీ రంగు పురుగు బయటపడుతుంది. ఆ ఆల్కహాల్‌ని చెట్టంతా స్ప్రే చేయకండి, లేత ఆకులు మాడిపోతాయి. నిప్పంటుకునే సరుకు కాబట్టి దేవుడి గూటి దగ్గర కూర్చుని ఈ పని అసలే వద్దు.

మర్నాడు సాయంత్రం వేపనూనె కొట్టాలి. నూనె నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలుతుంది. అందుకే ముందు గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో నాలుగైదు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి, అందులో 5 మి.లీ. వేపనూనె పోసి పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, తర్వాత లీటరు చేసుకోవాలి. గాఢత ఎక్కువున్న రకమైతే డబ్బా మీది మోతాదే లెక్క. బట్టల సర్ఫ్ మాత్రం వద్దు. కుండీ మట్టికి ప్లాస్టిక్ కవరు చుట్టి, చెట్టుని బాల్కనీలోకి తీసుకెళ్లి, ఆకు అడుగున తడిసేలా కొట్టండి. కలిపింది ఆ రోజే వాడేయాలి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు కొట్టాలి. మొదటిసారి మిగిలిన గుడ్లు తర్వాత పగులుతాయి, వాటి కోసమే ఈ వాయిదాలు. జేడ్ లాంటి దళసరి ఆకుల చెట్టయితే ముందు రెండు ఆకుల మీద వేసి, రెండు రోజులు చూసి మిగతాది చేయండి.

ఆకులు జిగటగా ఉన్నాయి, చీమలు పట్టాయి, మసి పూసినట్టుంది

చీమలు చెట్టుని తినవు. రసం పీల్చే పురుగులు విసర్జించే తియ్యటి బంక కోసం వస్తాయి, ఆ పురుగులకి కాపలా కూడా కాస్తాయి. ఆ బంక మీద పెరిగే బూజే నల్లటి మసి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ పురుగు ఉన్నంత కాలం మళ్లీ వస్తుంది. కాబట్టి వెతకాల్సింది బంక కార్చే పురుగుని.

పిండినల్లి కనిపించకపోతే, కొమ్మల మీదా ఆకు నడిమి ఈనె వెంబడీ గోధుమరంగు బుడిపెలున్నాయేమో చూడండి. బెరడులో భాగమనుకుని చాలామంది వదిలేస్తారు. గోరుతో నెట్టితే పెచ్చులా ఊడొస్తే పొలుసు పురుగు. పైన గట్టి డిప్ప ఉంటుంది కాబట్టి మందు లోపలికి దిగదు. పాత టూత్‌బ్రష్‌ని సబ్బునీళ్లలో ముంచి మెల్లగా రుద్ది రాల్చాలి. ఆ తర్వాత పైన చెప్పిన వేపనూనె, ఇప్పుడిప్పుడే పాకే పిల్లపురుగుల కోసం. చచ్చిన డిప్పలు కూడా కొమ్మకే అంటుకుని ఉంటాయి, అందుకని మందు పనిచేసిందో లేదో చూపుకి తెలియదు. ఒకటి చిదమండి. తడిగా రసం వస్తే బతికుంది, పొడిగా నలిగితే చచ్చింది.

లేత చిగురు మీదే ఆకుపచ్చగానో నల్లగానో గుంపుగా ఉంటే పేనుబంక. కుళాయి కింద గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. నత్రజని ఎరువు ఎక్కువేసిన చెట్టుకే ఇది ఎక్కువ, కొన్నాళ్లు ఎరువు ఆపండి.

చీమల్ని ఆపాలంటే, పాతకాలంలో వంటింటి అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టినట్టు, స్టాండు కాళ్ల కింద పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా నీళ్లు మారుస్తూ ఉండాలి.

ఆకు పచ్చదనం పోయి, సన్న చుక్కలు చుక్కలుగా పాలిపోయింది

ఆకు కింద తెల్ల కాగితం పట్టి కొమ్మని తట్టండి. రాలిన నలుసులు కాసేపటికి నడుస్తుంటే ఎర్రనల్లి. వేలితో రాస్తే తుప్పు రంగు గీత పడుతుంది. ముదిరితే కొమ్మల మధ్య సన్నటి సాలెగూడు కూడా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఆరిన గాలి తగిలే చెట్టుకి ఇది త్వరగా పడుతుంది. వేడిలో దీని తరం వారంలోనే పూర్తవుతుంది.

ఇది సాలీడు జాతి, ఎనిమిది కాళ్లది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి రసం పీల్చే పురుగుల మందులు దీని మీద పనిచేయకపోగా, దాన్ని తినే మిత్రపురుగుల్ని చంపి ఇంకా పెంచుతాయి. కుండీకి కవరు కట్టి, చెట్టుని పక్కకి వంచి, ఆకుల అడుగుభాగం నీటి ధారకి తగిలేలా కడగండి. నాలుగైదు రోజులకోసారి మూడు విడతలు కడిగితే చాలా చెట్లు కోలుకుంటాయి. తగ్గకపోతే వేపనూనె. మిర్చి రైతులు చెప్పే నీటిలో కరిగే గంధకం నిజంగానే మంచి మందు, కానీ ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే ఆకు మాడుతుంది. అంటే మన దగ్గర వేసవిలో దాని జోలికి వెళ్లొద్దు. వేపనూనె కొట్టాక రెండు వారాల లోపు అసలే వద్దు.

ఫైకస్ లేత ఆకులు నిలువునా మడతపడ్డాయి

మడత విప్పితే లోపల సన్నగా పొడుగ్గా నల్ల పురుగులు, లేతపసుపు పిల్లలు కనిపిస్తాయి. ఇది తామర పురుగు. 2021-22లో ప్రకాశం, గుంటూరు మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు వేరు, ఇది ఫైకస్ జాతి చెట్లని పట్టేది. మడత లోపలికి స్ప్రే వెళ్లదు కాబట్టి ఆ ఆకులు తుంచి సబ్బునీళ్లలో ముంచేయండి. చెట్టు బోసిపోతుందని బాధపడక్కర్లేదు, ఫైకస్ చిగురిస్తుంది.

నీళ్లు పోస్తే చిన్న చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి

మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఎక్కువ. ట్రేలో నిలిచిన నీళ్లు పారబోసి, పైమట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోయండి, పక్కన పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి.

పైన ఏమీ లేదు, చెట్టు మాత్రం రోజురోజుకీ నీరసిస్తోంది

చోటు మార్చిన వెంటనే ఆకులు రాలితే అది పురుగు కాదు, కొన్ని ఫైకస్ రకాల అలవాటే అంత. అదేమీ లేకుండా నీరసిస్తుంటే కుండీ అడుగు రంధ్రం చూడండి. అక్కడా, వేళ్ల చుట్టూ, కుండీ లోపలి గోడకీ తెల్లటి పిండి అంటుకుని ఉంటే వేరు పిండినల్లి. పైన ఎంత కొట్టినా దానికి తగలదు. చెట్టుని బయటికి తీసి, మట్టి మొత్తం కడిగేసి, పాడైన వేళ్లు కత్తిరించండి. కుండీని మరిగే నీళ్లతో కడిగి, కొత్త మట్టిలో నాటండి. పాత మట్టిని పక్క కుండీలో పోయకుండా కవరులో కట్టి పారేయండి. రెండు మూడు వారాలు ఎండ తగలని వెలుతురులో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. కడియం నుంచో, ఊళ్లోకి వచ్చే నర్సరీ బండి నుంచో కొత్త చెట్టు తెచ్చినప్పుడు కూడా ఇంతే కాలం మిగతావాటికి దూరంగా పెట్టి, అడుగు రంధ్రం ఒకసారి చూసుకోండి.