ఎఫ్‌పీజీఏ స్వయంగా నేర్చుకుందాం – 5: పలక తుడిచాకే రాత

గత భాగంలో ఆర్టిక్స్-7 35టీ అనే ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూటుగా మలచుకోగల చిప్పు) ఉన్న బోర్డు మీద ఎల్‌ఈడీ వెలిగించాం. కరెంటు తీసి మళ్లీ పెడితే అది వెలగలేదని మీరు గమనించే ఉంటారు. మన సర్క్యూటు ఉండేది ఎస్‌ర్యామ్ అనే మెమరీ గడుల్లో. కరెంటుతో పాటే అదీ పోతుంది. అందుకే పక్కన, కరెంటు పోయినా రాసింది మరవని ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్పు ఒకటి ఉంటుంది. కరెంటు రాగానే ఎఫ్‌పీజీఏ తానే క్లాక్ ఇచ్చి, అందులోని బిట్‌స్ట్రీమ్‌ను (మన సర్క్యూటును వర్ణించే ఫైలు) చదువుకుంటుంది. 35టీకి అది 1,75,36,096 బిట్లు. 32 మెగాబిట్ల చిప్పు చాలు.

ఈ ఎఫ్‌పీజీఏలకు వాడే సాఫ్ట్‌వేర్ వివాడో, ఫ్లాష్‌లో రాసే ఈ పని మొత్తం ఒక్క మీటతో చేసిపెడుతుంది. అయినా ఒకసారి మైక్రోకంట్రోలర్‌తో మన చేత్తో చేద్దాం. లేకపోతే, అది మొరాయించిన రోజున ఎక్కడ వెతకాలో తెలియదు.

ముందు చిప్పును పలకరించండి. 9ఎఫ్ అనే ఆదేశం పంపితే (ఇక్కడి ఆదేశాలు, బైట్లు అన్నీ హెక్స్‌లో) చిప్పును గుర్తుపట్టే మూడు బైట్లు వస్తాయి. విన్‌బాండ్ కంపెనీ 32 మెగాబిట్ల రకానికి సాధారణంగా ఈఎఫ్ 40 16. మూడూ 00 గానీ ఎఫ్ఎఫ్ గానీ వస్తే తీగలు సరిచూసుకోండి.

తర్వాత చెరపాలి: 06 పంపి రాతకు అనుమతి, ఆపైన 20, దాని వెనుక చిరునామా. 4 కిలోబైట్ల సెక్టారు మొత్తం ఎఫ్ఎఫ్ అవుతుంది. 05తో స్టేటస్ చదువుతూ చివరి బిట్ సున్నా అయ్యేదాకా ఆగండి. అప్పుడు మళ్లీ 06 (ప్రతి పనికీ కొత్త అనుమతి కావాలి, చాలామంది తడబడేది ఇక్కడే), ఆపైన 02, చిరునామా, 256కు మించకుండా బైట్లు. పేజీ అంచు దాటితే మిగిలినవి అదే పేజీ మొదటికి వచ్చి పడతాయి.

చెరపడం ఎందుకంటే, ఈ రాత 1ని 0 చేయగలదు గానీ 0ని 1 చేయలేదు. ఒకసారి తొందరలో నేను చెరపకుండానే రాశాను. బిట్‌స్ట్రీమ్ మొదట్లో ఏఏ 99 55 66 అనే గుర్తు ఉంటుంది. అది కనబడ్డాకే ఎఫ్‌పీజీఏ మిగతాది లెక్కలోకి తీసుకుంటుంది. ఏఏ ఉండాల్సిన చోట పాత ఫైలు తాలూకు 99 ఉంది. 10011001 మీద 10101010 పడితే మిగిలింది 10001000, అంటే 88. గుర్తు చెడింది. సర్క్యూటు ఎక్కిందని చెప్పే డన్ దీపం వెలగలేదు. నేనేమో సాయంత్రమంతా టంకాన్ని అనుమానించాను.

అభ్యాసం: బిట్‌స్ట్రీమ్ చేరని 300000 హెక్స్ చిరునామా దగ్గర సెక్టారు చెరిపి, 99 రాసి, దాని మీదే ఏఏ రాయండి. 03తో చదివి చూడండి. వచ్చిన 88 మీద ఏ బైటు రాస్తే ఏమీ మారదు? ఒకటి కంటే ఎక్కువ జవాబులున్నాయి.