దీపాలంకరణకు సొంత ఎక్స్‌టెన్షన్ తీగలు – మూడో పాఠం: కొలత, కోత, ప్లగ్గు బిగింపు

గత పాఠంలో ఇంటి ముందు భాగాన్ని బొమ్మగా గీసి, ఏ దీపాల దండకు ఎన్ని వాట్లు కావాలో పక్కన రాసుకున్నాం. ఆ కాగితం ఈ రోజు దగ్గర ఉంచుకోండి. ఈ పాఠాలు అమెరికాలోని 120 వోల్టుల, రెండు రేకుల ప్లగ్గు పద్ధతికి మాత్రమే వర్తిస్తాయని మరోసారి గుర్తు చేస్తున్నాను. 230 వోల్టుల దేశాల్లో ఈ తీగను, ఈ ప్లగ్గులను వాడకండి.

ముందుగా కొలత. టేపుతో గోడ పొడవు కొలిస్తే సరిపోదు, ఎందుకంటే తీగ తిన్నగా వెళ్ళదు. ఒక తాడు తీసుకుని, తీగ నిజంగా వెళ్ళే దారి వెంట, మూలల చుట్టూ, కిటికీ అంచుల మీదుగా పరచండి. గోడ సాకెట్ దగ్గర తాడును కాస్త కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తీసుకురండి. వాన నీరు ఆ వంపు అడుగునుంచి కారిపోతుంది, సాకెట్‌లోకి పాకదు. ఇప్పుడు తాడును కొలిచి, ఒక అడుగు అదనంగా కలుపుకోండి.

ఇక తీగ. పక్కపక్కనే అతుక్కుని ఉండే ఈ రెండు పోగుల తీగ మీద ఎస్‌పీటీ-1 అనో, ఎస్‌పీటీ-2 అనో అచ్చు వేసి ఉంటుంది. అలంకరణకు దొరికే రెండింటిలోనూ రాగి మందం సాధారణంగా 18 గేజే. తేడా అంతా పైతొడుగు మందంలో ఉంది: మొదటిదానికి 0.03 అంగుళం, రెండోదానికి 0.045 అంగుళం. అంత చిన్న తేడాను పట్టించుకోవాలా అని అనిపించవచ్చు. తప్పకుండా పట్టించుకోవాలి. లావు తీగకు చేసిన ప్లగ్గులో సన్న తీగను దూరిస్తే ప్లగ్గు పళ్ళు రాగిని గట్టిగా పట్టవు. పట్టు వదులైన చోట వేడి పుడుతుంది. ఆరుబయట వాడకానికి నేను ఎస్‌పీటీ-2నే సిఫారసు చేస్తాను. ఏది కొన్నా ప్లగ్గులు దానికి సరిపడినవే కొనండి.

పొడవు పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది. 100 అడుగుల 18 గేజు రాగి తీగలో కరెంటు పోయి రావడానికి 200 అడుగుల దారి, అంటే సుమారు 1.28 ఓములు. అందులో 5 ఆంపియర్లు నడిస్తే 6.4 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే 5 శాతానికి పైగా. ఎల్‌ఈడీ దండలకు ఇది పెద్ద సమస్య కాదు, అవి లాగే కరెంటే తక్కువ. 7 వాట్ల పాతకాలపు బల్బులు 25 ఉన్న దండ ఒక్కటే దాదాపు ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది. అలాంటివి మూడు నాలుగు కలిపితే లెక్క చూసుకోక తప్పదు. తీగకూ ప్లగ్గుకూ రాసి ఉన్న ఆంపియర్లలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

ఇప్పుడు అసలు పని. తీగ ఒక పక్కను వేలి కొసతో నిమరండి. ఒక పోగు నున్నగా ఉంటుంది, రెండోదాని మీద సన్నని గీతలు తగులుతాయి. గీతల పోగు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళేది), నున్నటిది ఫేజ్ (కరెంటు తెచ్చేది). ప్లగ్గుకున్న రెండు రేకుల్లో వెడల్పుది న్యూట్రల్. కాబట్టి గీతల పోగు వెడల్పు రేకు వైపే పోవాలి. దండను గుచ్చడానికి తీగకు బిగించే సాకెట్‌లోనూ అంతే, పొడవైన చీలిక వైపు గీతల పోగు ఉండాలి. ఇది తారుమారైనా దీపాలు చక్కగా వెలుగుతాయి. ప్రమాదం అక్కడే ఉంది. ఒక్క తీగనే తెంచే టైమరు ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను తెంచుతుంది, దీపాలు ఆరిపోయినా దండలో కరెంటు ఉంటుంది. మంచి వెలుతురులో కూర్చుని, ప్రతి బిగింపుకూ ముందు వేలితో తడిమి చూడండి.

తీగ కొసను పదునైన కత్తెరతో అడ్డంగా, సమానంగా కత్తిరించండి. తొడుగు ఒలవవద్దు, పోగులు విడదీయవద్దు. ప్లగ్గు మూత జరిపి, తీగను గాడిలో చివరిదాకా పెట్టి, మూతను గట్టిగా నొక్కుతూ వెనక్కి జరపండి. లోపలి పళ్ళు తొడుగును చీల్చుకుని రాగిని తాకుతాయి. టక్కుమనే శబ్దం రావాలి. తీగ మధ్యలో సాకెట్ పెట్టాలంటే తెంచనక్కర్లేదు, సాకెట్ కొసనున్న చిన్న అడ్డును విరిచేస్తే తీగ దాని గుండా సాగిపోతుంది. చివరి సాకెట్‌కు మాత్రం ఆ అడ్డు అలాగే ఉంచండి, తెగిన కొసను అదే కప్పుతుంది.

రెండు చివర్లా రేకుల ప్లగ్గులున్న తీగను ఎట్టి పరిస్థితిలోనూ తయారు చేయవద్దు. దండను తిప్పి కట్టినప్పుడు ఆ అవసరం వచ్చినట్టు కనిపిస్తుంది. ఒక కొసను గోడకు పెట్టగానే రెండో కొసన రేకులు బయటికి తెరిచి, కరెంటుతో ఉంటాయి. దండనే విప్పి సరైన దిక్కున కట్టుకోండి.

కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే మోగే అమరికలో) పెట్టండి. వెడల్పు రేకుకూ పొడవు చీలికకూ మధ్య మోగాలి, సన్న రేకుకూ పొట్టి చీలికకూ మధ్య మోగాలి. రెండు రేకుల మధ్య మాత్రం మోగకూడదు. పరీక్షిస్తూనే ప్లగ్గు దగ్గర తీగను అటూ ఇటూ కదిలించండి. మోత తెగిపోతే ఆ కొసను అంగుళం మేర కత్తిరించి మళ్ళీ బిగించండి.

ఈ తీగలు పండుగ దీపాలకే, హీటరుకో పనిముట్లకో కాదు. అమెరికా విద్యుత్ నియమావళి పండుగ అలంకరణ వైరింగును 90 రోజులకు మించి ఉంచనివ్వదు. కాబట్టి పండుగ అయ్యాక విప్పి, చుట్ట చుట్టి, పొడవు రాసిన చీటీ అంటించి దాచండి.

ఈ వారం అభ్యాసం: ఆరు అడుగుల తీగ, ఒక ప్లగ్గు, మధ్యలో ఒకటి, చివర ఒకటి చొప్పున రెండు సాకెట్లు. కరెంటు ఇవ్వకుండా మీటరుతోనే పరీక్షించి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో ఆరుబయట సాకెట్‌కు ఉండాల్సిన జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసే పరికరం), తడి తగలకుండా కలపడం నేర్చుకున్నాకే దాన్ని గోడకు పెడదాం.