చలికాలంలో కమ్మే దిగులు: ముందు పొద్దుటి వెలుగు సంగతి చూడండి

పగటి పొద్దు తగ్గే నెలల్లో ఎంత పడుకున్నా నిద్ర తీరకపోవడం, తీపి తినాలని మనసు లాగడం, స్నేహితులను తప్పించుకు తిరగడం బద్ధకం కాకపోవచ్చు. ఏటా అదే కాలంలో మొదలై ఎండలు రాగానే తగ్గిపోతుంటే డిప్రెషన్‌గా అనుమానించాలి. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం వర్ణించింది దీన్నే. పరీక్షలతో వచ్చి పరీక్షలతో పోయే దిగులు వేరు. రెండింటికీ తేడా తెలియాలంటే నిద్ర వేళలు, ఆ రోజు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులో రోజూ రాసిపెట్టుకోండి.

రాత్రి రెండింటి దాకా మేలుకుని పదింటికి లేచేవాళ్లకు పొద్దుటి వెలుగు దొరకదు. ఒంట్లోని గడియారాన్ని దిద్దేది ఆ వెలుగే. కాబట్టి చదువు టైమ్‌టేబుల్ కన్నా ముందు లేచే వేళ ఖాయం చేసుకోండి. ఒక్కసారిగా ఆరింటికి లేవాలనుకుంటే మూడో రోజే వదిలేస్తారు. రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరపండి. సెలవు రోజైనా గంటకు మించి తేడా వద్దు. లేచిన గంటలోపే అరగంట ఆరుబయట నడవండి. మబ్బు పట్టినా మానొద్దు: గదిలో లైటు సాధారణంగా 500 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) లోపే, మబ్బు పగలు కూడా బయట అంతకు ఎన్నో రెట్లుంటుంది.

అదీ కుదరకపోతే లైట్ బాక్స్, అంటే చికిత్సకు వాడే బాగా వెలుగిచ్చే దీపం. అతినీలలోహిత కిరణాలను వడగట్టే 10,000 లక్స్ రకం తీసుకోండి. ఆ లక్స్ ఎంత దూరంలో వస్తుందో తయారీదారు రాస్తారు. మామూలుగా 40-60 సెంటీమీటర్లు. కొంచెం పక్కగా పెట్టి, కళ్లు తెరిచి, దానివైపే చూడకుండా 20-30 నిమిషాలు చదువుకోండి. చాలామంది బాక్సును దూరంగా పెడతారు, వెలుగు బాగా తగ్గిపోతుంది. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. తలనొప్పి వస్తే సమయం తగ్గించండి. ఫలితం ఒకటి రెండు వారాల్లో కనిపిస్తుంది, కానీ కుదుటపడ్డామని ఆపేస్తే దిగులు మళ్లీ వస్తుంది. ఆ కాలం అయ్యేదాకా వాడాలి.

బైపోలార్ (దిగులు, ఉన్మాదం మారి మారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు, కంటి రెటీనా జబ్బులున్నవాళ్లు, ఒళ్లు, కళ్లు వెలుగును తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. బైపోలార్‌లో ఇది ఉన్మాద దశను రేపవచ్చు.

దిగులు రెండు వారాలు దాటినా, క్లాసులు, తిండి మానేస్తున్నా రోజూ రాసిపెట్టుకున్న ఆ నోట్సు పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్లండి. మాట్లాడి చేసే చికిత్స, మందులు రెండూ దీనికి పనిచేస్తాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వెలుగు, నడక అంటూ ఆగొద్దు. ఆ క్షణమే పక్కవాళ్లకు చెప్పి, వాళ్లను తోడు తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి.