పీసీఓడీ ఉన్నవారు ఓవ్యులేషన్ స్ట్రిప్ ఎలా వాడాలి?

గర్భం వచ్చిందని చెప్పడానికి మనకున్న పాత మాట 'నెల తప్పింది'. పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల అండం సమయానికి విడుదల కాని సమస్య) ఉన్న అమ్మాయికి ఈ మాటతో పని జరగదు. ఆమెకు ఏడాదిలో నాలుగైదు సార్లు నెల ఊరికే తప్పుతూ ఉంటుంది. పెళ్లయిన ఏడాదికే "ఏమైనా విశేషమా?" అని అడిగేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఇక ఓపిక పట్టలేక, అండం విడుదలయ్యే రోజు (ఓవ్యులేషన్) తెలుసుకుందామని మెడికల్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో ఓవ్యులేషన్ స్ట్రిప్‌లు కొనేస్తాం. చిక్కేమిటంటే, పెట్టెలో ఉండే కాగితం 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. దాన్నే పాటిస్తే డబ్బూ పోతుంది, మనసూ పాడవుతుంది. స్ట్రిప్‌లు పీసీఓడీలో పనికిరావని కాదు, వాడే పద్ధతి మార్చుకోవాలి.

స్ట్రిప్ చూసేది అండాన్ని కాదు

అండం విడుదలయ్యే ముందు ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అలా పెరగడం మొదలైన 24 నుంచి 36 గంటల్లో మామూలుగా అండం బయటికి వస్తుంది. మూత్రంలో ఆ ఎల్‌హెచ్ ఎంత ఉందో చూడటమే స్ట్రిప్ పని. అండం వచ్చిందా లేదా అన్నది దానికి తెలియదు.

పీసీఓడీ ఉన్న చాలామందికి మామూలు రోజుల్లోనే ఎల్‌హెచ్ కాస్త ఎక్కువ. అందువల్ల ఏ ప్రత్యేకతా లేని రోజున కూడా గీత ముదురుగా కనిపించవచ్చు. ఇంకో తిరకాసు ఉంది. స్కానింగ్‌లో 'నీటిబుడగలు' అని చెప్పేవి నిజానికి నీటిబుడగలు కావు, పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన ఫాలికల్స్. అంటే అండం ఉండే చిన్న సంచులు. ఒక్కోసారి ఎల్‌హెచ్ పెరుగుతుంది కానీ సంచి పగలదు. శరీరం కొన్నాళ్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. అలా ఒకే నెలసరి చక్రంలో రెండు మూడు సార్లు పాజిటివ్ రావచ్చు.

ఏ రోజు మొదలుపెట్టాలి?

గత ఆరు నెలల తేదీలు తీసి చూడండి. రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అన్నిటికన్నా తక్కువ రోజుల్లో వచ్చిన చక్రాన్ని పట్టుకుని, అందులోంచి 17 తీసేయండి. ఒకసారి 34 రోజులకు, ఇంకోసారి 48కి, మరోసారి 60కి వచ్చిందనుకుందాం. 34లోంచి 17 తీసేస్తే 17. పదిహేడో రోజున మొదటి స్ట్రిప్. అక్కడి నుంచి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం కాబట్టి ఐదు కార్డులున్న ఖరీదైన పెట్టె పీసీఓడీకి చాలదు. విడి స్ట్రిప్‌లు ఎక్కువ ఉన్న ప్యాక్ నయం. నవ్వే బొమ్మ చూపించే డిజిటల్ కిట్లకు నేనైతే అంత డబ్బు పెట్టను. అవి అవును, కాదు అనే చెబుతాయి. మనకు కావలసింది గీత రోజురోజుకూ ఎలా మారుతోందన్నది. పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉంటే ఫలితం తప్పుగా రావచ్చని కొన్ని కిట్ల కాగితాల మీద వాళ్లే రాస్తారు, చిన్న అక్షరాల్లో.

కొన్న స్ట్రిప్‌లను బండి డిక్కీలోనో ఎండ పడే కిటికీలోనో పెట్టకండి. 30 డిగ్రీలు దాటకూడదని చాలా ప్యాకెట్ల మీద ఉంటుంది.

టెస్ట్ చేసే తీరు

ప్రెగ్నెన్సీ టెస్ట్‌కు పొద్దున్నే మొదటి మూత్రం మంచిదంటారు. ఇక్కడ ఆ అలవాటు మానుకోండి. ఎల్‌హెచ్ చాలామందిలో తెల్లవారుజామున పెరగడం మొదలై, మూత్రంలోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలో, సాయంత్రం ఆరు గంటలో, మీకు కుదిరే ఒక సమయం పెట్టుకుని రోజూ అప్పుడే చేయండి. అంతకుముందు మూడు నాలుగు గంటలు మూత్రానికి వెళ్లకుండా, నీళ్లు మితంగా తాగితే బాగుంటుంది. మే నెల ఎండల్లో చెంబుల కొద్దీ మజ్జిగ తాగి టెస్ట్ చేస్తే మూత్రం పలచనై గీత తేలిపోతుంది.

స్ట్రిప్‌ను గుర్తు దాటకుండా ముంచి, ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి చూడాలి. సాధారణంగా అది ఐదు నుంచి పది నిమిషాలు. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ చూడటం వద్దు, ఎండిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు.

ఎక్కువమంది పొరబడేది గీత దగ్గరే. ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో సన్నగా కనిపించినా రెండో గీత గీతే. ఓవ్యులేషన్ స్ట్రిప్‌లో అలా కాదు. టెస్ట్ గీత కంట్రోల్ గీతంత (స్ట్రిప్ పనిచేస్తోందని చూపడానికి ఎప్పుడూ వచ్చే గీత) ముదురుగా, లేదా అంతకన్నా ముదురుగా ఉంటేనే పాజిటివ్. లేత గీత దాదాపు ప్రతిరోజూ రావచ్చు, దానికి అర్థం లేదు.

ఫోటోలు తీయండి

పీసీఓడీలో అసలు ఉపయోగం ఇక్కడుంది. ప్రతి స్ట్రిప్‌నూ ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి, తేదీ రాసి వరసగా పెట్టుకోండి. వారం పది రోజులకు 'నా మామూలు గీత ఇది' అని మీకే అర్థమవుతుంది. ఒకరికి మామూలుగానే ముదురు గీత ఉంటుంది, ఇంకొకరికి బాగా లేత. మీ మామూలు గీత కన్నా స్పష్టంగా ముదిరి, ఒకటి రెండు రోజులుండి, మళ్లీ లేతబడితే అది నమ్మదగ్గ మార్పు. పది రోజులపాటు ఒకేలా ముదురుగా ఉంటే అది పీసీఓడీ ఎల్‌హెచ్ కావచ్చు. గీత ముదురుతోందని అనిపించిన రోజు నుంచి రోజుకు రెండుసార్లు చేయండి. కొందరిలో ఈ పెరుగుదల సగం రోజు కూడా ఉండదు.

స్రావాన్ని కూడా గమనించండి. కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా, సాగేలా ఉన్న రోజుల్లో గీత కూడా ముదిరితే రెండు సాక్ష్యాలు కలిసినట్టు.

కలయిక మాటేమిటి?

పాజిటివ్ వచ్చిన రోజు, మర్నాడు, ఆ పై రోజు కలవండి. కానీ స్ట్రిప్ చెప్పేదాకా ఆగవద్దు. వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం మాత్రం ఒక్క రోజే. అందుకే చక్రం పొడవునా రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే స్ట్రిప్ పొరబడినా నష్టం ఉండదు. "ఇవాళ గీత వచ్చింది, త్వరగా రా" అని ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసే టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది.

పాజిటివ్ తర్వాత

తేదీ రాసుకోండి. నిజంగా అండం విడుదలై ఉంటే 12 నుంచి 16 రోజుల్లో నెలసరి రావాలి, లేదంటే గర్భం అయి ఉండాలి. 16 రోజులు దాటితే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయండి. నెగెటివ్ వచ్చి, ఇంకో వారానికి మళ్లీ చేసినా నెగెటివే అయితే, బహుశా ఆ పాజిటివ్ వట్టిదే. స్ట్రిప్‌లు మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే మొదటి పాజిటివ్ రాగానే మిగిలిన ప్యాకెట్ ఎవరికీ ఇచ్చేయకండి.

ఖాయంగా తెలియాలంటే ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) రక్తపరీక్ష ఉంది. దాన్ని '21వ రోజు పరీక్ష' అంటారు, కానీ ఆ లెక్క 28 రోజుల చక్రానిది. మీరు చేయించుకోవాల్సింది పాజిటివ్ వచ్చిన ఏడెనిమిది రోజులకు. ఫలితం మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు లెక్క. డాక్టర్‌ను అడిగితే రాసిస్తారు. నెల నెలా నెలసరి వస్తోంది కదా, అండం విడుదలవుతోందిలే అని కూడా అనుకోవద్దు, అండం విడుదల కాకుండానే రక్తస్రావం రావచ్చు.

మందులు వాడుతున్నప్పుడు

అండం విడుదల కోసం ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర ఎల్‌హెచ్‌ని పెంచుతుంది కాబట్టి చివరి మాత్ర వేసుకున్నాక కనీసం మూడు రోజులు ఆగి స్ట్రిప్ వాడండి. ఇప్పుడు పీసీఓఎస్‌లో ముందుగా ఇచ్చే మాత్ర లెట్రోజోల్. దానితో పాటు ఫాలిక్యులర్ స్టడీ స్కానింగ్‌లు (సంచి ఎలా పెరుగుతోందో చూసేవి) జరుగుతుంటే స్ట్రిప్ అవసరం దాదాపు ఉండదు. అండం విడుదల కోసం ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకున్నాక మాత్రం స్ట్రిప్ ముట్టుకోకండి. అది ఎల్‌హెచ్‌లాగే కనిపించి పాజిటివ్ చూపిస్తుంది. ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా అంతే, రెండు వారాలు ఆగాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

ఏడాది ప్రయత్నించి రమ్మనే మాట నెలసరి సరిగా వచ్చేవాళ్లకు. మీ చక్రం 35 రోజులు దాటుతుంటే ఇప్పుడే వెళ్లవచ్చు. వరసగా మూడు చక్రాల్లో నమ్మదగ్గ పాజిటివ్ రాకపోతే, వయసు 35 దాటితే, అసలు ఆలస్యం చేయకండి. మూడు నెలలు నెలసరి రాకపోతే, పిల్లల సంగతి పక్కన పెట్టినా చూపించుకోవాలి. గర్భాశయం లోపలి పొర అలా మందమవుతూ ఉండటం మంచిది కాదు.

వెళ్లేటప్పుడు ఫోన్‌లోని స్ట్రిప్ ఫోటోలూ, తేదీలూ పట్టుకెళ్లండి. భర్తను కూడా తీసుకెళ్లండి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి వీర్య పరీక్ష చేయించుకోవడం ఆయనకు ఒక్క పూట పని. మీరు ఆర్నెల్లు స్ట్రిప్‌లు ముంచాక అది చేయించడం కన్నా మొదటి నెలలోనే చేయించడం మేలు.